ఇంటి ఆరోగ్యము: నొప్పి లేని పుండు



గడచిన శ్రావణమాసమున అమీరుపేటలో మాకు తెలిసిన యొక యింట జరిగిన సంగతి ఇది. ఆ యింటి అత్తగారు చాలకాలముగా మధుమేహముతో నున్నవారు. శుక్రవారమునాడు కోడలు ఆమె పాదములకు పసుపు పూయబోయి, బొటనవ్రేలి క్రింద చిన్న పుండును, దాని చుట్టును ఎఱుపును చూచినది. చెప్పు తిరుగవేసి చూడగా మేకుమొన యొకటి లోనికి పొడుచుకొని వచ్చియున్నది. అది యెన్నినాళ్లనుండి గ్రుచ్చుకొనుచున్నదో ఆమెకే తెలియదు. "నొప్పి లేనే లేదు బిడ్డా, ఊకె పరేషాన్ కాకు" అని యామె నవ్వినది. కోడలు ఆ మాట వినక ఆనాడే వైద్యునియొద్దకు తీసికొనిపోయినది. వ్రేలు దక్కినది.

నొప్పి లేదన్న ఆ మాటయే మనము భయపడవలసినది.

మనయందఱి చర్మముమీదను సూక్ష్మజీవులు కాపురముండును. వ్రేళ్ల సందులలోని తడి వానికి మిక్కిలి యిష్టము. ద్రాక్షగుత్తివలె కనబడు నొక జాతిని స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండరు ఆగ్‌స్టన్ చీములో గుర్తించి, 1882లో స్టఫిలోకాకస్ అని పేరు పెట్టెను. ఆ కుటుంబములో సాధువులును కలవు, దుష్టులును కలరు. చర్మమను గోడ చెక్కు చెదరక యున్నంతవఱకు వానివలన సామాన్యముగా హాని లేదు. గోడకు బీట పడినప్పుడే అవి లోనికి చొరబడును.

మధుమేహము ఆ గోడను మూడు విధముల బలహీనపఱచును. నరములు చెడి స్పర్శ తెలియకుండ పోవును. చెమట తగ్గి చర్మమెండి మడమలు పగులును. రక్తనాళములు సన్నగిల్లి, సూక్ష్మజీవులతో పోరాడు తెల్లకణములు పాదమునకు చాలినంతగా చేరవు. చేరినవియు రక్తమున చక్కెర హెచ్చుటచే చుఱుకుగా పనిచేయవు. 1946లో వేలూరు చేరిన డాక్టరు పాల్ బ్రాండు, కుష్ఠురోగుల కాలిపుండ్లకు స్పర్శజ్ఞానము నశించుటయే ముఖ్యకారణమని చూపెను. ఆ జ్ఞానమే తరువాత మధుమేహుల పాదరక్షణకును ఉపకరించినది.

కావున రోగికి తెలియనిదానిని మన కన్ను కనిపెట్టవలెను. ప్రతిరాత్రియు అఱికాళ్లను, మడమలను, వ్రేళ్ల సందులను దీపపు వెలుగులో చూడుడు. పసుపు పూయుటకు ముందే చూడవలెను. పూసినపిమ్మట ఆ రంగులో ఎఱుపు దాగిపోవును. పాదములు కడిగి, వ్రేళ్ల నడుమ తడి లేకుండ మెత్తని గుడ్డతో ఒత్తుడు. మడమలకు నూనె రాయవచ్చును గాని సందులలో రాయరాదు. వేడినీటిని రోగి కాలితో గాక, మీ మోచేతితో పరీక్షింపుడు. ఆనెకాయలను బ్లేడుతో కోయనీయకుడు. చెప్పులు తొడుగకముందు దులిపి, లోపల చేయి పెట్టి చూడుడు. ఇంటిలోనైనను వట్టికాళ్లతో తిరుగనీయకుడు. బల్కంపేట ఎల్లమ్మ దర్శనమునకు చెప్పులు విడిచి వెళ్లినచో, తిరిగి రాగానే పాదములను చూచుట మఱువకుడు.

ఎఱుపు, వాపు, వేడి, చీము, దుర్వాసన, నలుపు, వీనిలో ఏది కనబడినను ఆనాడే వైద్యునికి చూపవలెను. ఇంటిలో మిగిలిన మాత్రలు మ్రింగించి కాలయాపన చేయరాదు. పుండుపైన దూదితో అద్దినచో చర్మముమీది మామూలు జీవులే చిక్కవచ్చును. అందుచే పుండు చెడినప్పుడు వైద్యులు దానిని శుభ్రపఱచి, లోపలి కండను కొంచెము తీసి, నిజమైన శత్రువెవరో తెలిసికొని మందు నిర్ణయింతురు. పుండు లేనప్పుడును ఏడాదికొకసారి పాదములను పరీక్ష చేయింపుడు. సన్నని నైలాను పోగును అఱికాలికి ఆనించి స్పర్శ యున్నదో లేదో చూతురు. క్షణములలో ముగియు పని. పంజగుట్టలో, ఒకప్పుడు నిజాము పేర ఎముకల ఆసుపత్రిగా నుండి నేడు నిమ్స్ అని పిలువబడు పెద్దవైద్యశాల మనకు చేరువనే యున్నది. దూరమను సాకు మనకు లేదు.

అత్తగారి పాదములను శుక్రవారము పూజించు చేతులు, తక్కిన ఆఱుదినములును వానిని పరీక్షించుగాక. ఒక దీపము, రెండు నిమిషముల ఓపిక. ఇంతకంటె చవుకగా ఒక కాలిని నిలుపు మందు లేదు.