హార్డ్ డిస్క్ లేని కంప్యూటర్లు పనికిరానివా?

హాస్టళ్లకు దానంగా వచ్చే పాత కంప్యూటర్లలో చాలావాటికి హార్డ్ డిస్క్ ఉండదు. ఇచ్చే ఆఫీసులవాళ్లు తమ లెక్కలు, రికార్డులు బయటికి పోకూడదని దాన్ని ముందే ఊడదీస్తారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ వచ్చినవాటిని చూసి "ఇవి డొక్కు పెట్టెలు, కొత్తవి శాంక్షన్ అయ్యేదాకా ఆగండి" అని గదికి తాళం వేయడాన్ని మాత్రం మేము ఒప్పుకోలేము. హాస్టల్ పిల్లవాడి పదో తరగతి శాంక్షన్ కోసం ఆగదు కదా!

మేము ఈ హాస్టల్లో చదివి వెళ్లినవాళ్లమే. ఇప్పుడు కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పని చేసుకుని బతుకుతున్నాము. తమ్ముళ్లకు చెప్పేదేమిటంటే, డిస్క్ లేకపోయినా కంప్యూటర్ నడుస్తుంది. గదిలో ఒక్క మంచి మెషీన్‌ను సర్వర్‌గా పెట్టి, మిగిలినవాటిని కేబుళ్లతో, స్విచ్‌తో దానికి కలపాలి. ఆన్ చేయగానే ప్రతి మెషీనూ ఆపరేటింగ్ సిస్టమ్‌ను సర్వర్ దగ్గర్నుంచే తెచ్చుకుంటుంది. వీటిని వాడుకలో థిన్ క్లయింట్లు అంటారు. ఇందుకోసమే 'లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్'ను 1999లో అమెరికాలో జిమ్ మెక్‌క్విలన్ మొదలుపెట్టారు. 2019లో దాన్ని కొత్తగా తిరగరాశారు. లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు.

ఇంత సులువైతే మరి ఎందుకు మూలపడి ఉంటున్నాయి? మేము చూసినంతలో బండి ఎక్కువసార్లు ఆగేది ఒక్కచోటే. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ దగ్గర.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. మెషీన్ ఆన్ కాగానే కార్డుకు చెందిన బూట్ రోమ్ మేల్కొంటుంది. పీఎక్స్ఈ అనే పద్ధతిలో "నాకో అడ్రస్ ఇవ్వండి, ఏం నడపాలో చెప్పండి" అని నెట్‌వర్క్‌లో కేకేస్తుంది. సర్వర్ అడ్రస్ ఇచ్చి, లినక్స్ కెర్నెల్‌ను, దాని వెంట ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూటను పంపుతుంది. ఇక్కడిదాకా అంతా సవ్యమే. తీరా కెర్నెల్ పగ్గాలు పట్టుకున్నాక, నెట్‌వర్క్ కార్డే కనబడలేదని తెరమీద పడుతుంది! ఇప్పుడేగా ఆ కార్డు గుండానే కెర్నెల్ వచ్చింది, అంతలో కార్డు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. బూట్ రోమ్‌కు తన సొంత బుల్లి డ్రైవర్ ఉంది. లినక్స్ కెర్నెల్ దాన్ని వాడదు. దానికి తన డ్రైవర్ కావాలి. మామూలు కంప్యూటర్లో ఆ డ్రైవర్ డిస్క్‌లో ఉంటుంది. ఇక్కడేమో డ్రైవర్ సర్వర్‌లో ఉంది, సర్వర్ దాకా వెళ్లాలంటే డ్రైవర్ ఉండాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు. అందుకే డ్రైవర్‌ను ఆ మొదటి మూటలోనే కట్టి పంపాలి.

డెబియన్‌లో ఆ మూట ఎలా కట్టాలో 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్' అనే ఫైలు చెబుతుంది. అందులో 'మాడ్యూల్స్' అన్నచోట 'డెప్' అని ఉంటే, సర్వర్ తన ఒంటికి సరిపోయే డ్రైవర్లనే మూటలో పెడుతుంది. ఒకడి కొలతలతో హాస్టలంతటికీ యూనిఫాం కుట్టించినట్టు. ఆ బాధ మనకు తెలియనిది కాదు. దాన్ని 'మోస్ట్' అనో 'నెట్‌బూట్' అనో మార్చి, 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' కమాండ్‌తో మూట మళ్లీ కట్టాలి. కొత్త మూటను క్లయింట్లకు పంపే ఫోల్డర్‌లోకి కూడా చేర్చాలి. లేదంటే పాతదే వెళుతుంది.

ఏ కార్డుకు ఏ డ్రైవరో ఊహించనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌తో లినక్స్ ఎక్కించి 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్' అని కొడితే రెండు నంబర్లు కనబడతాయి. మొదటిది కంపెనీది, రెండోది కార్డుది. 8086 అంటే ఇంటెల్. 1978లో తాను తెచ్చిన ప్రాసెసర్ పేరునే నంబరుగా పెట్టుకుంది! 10ఈసీ అంటే రియల్‌టెక్. దాని 8139 కార్డుకు '8139టూ' డ్రైవర్, 8168 గిగాబిట్ కార్డుకు 'ఆర్8169'. కొన్ని గిగాబిట్ కార్డులు ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అడుగుతాయి, అదీ మూటలో పడాలి. అసలు బూట్ రోమే లేని కార్డయితే ఐపీఎక్స్ఈ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయొచ్చు.

ఇందులో ఇంటర్ చదివే కుర్రవాడికి అందనిది ఏముంది? అయినా కంప్యూటర్ క్లాసంటే టైపింగూ, బొమ్మలకు రంగులు వేయడమూ అయిపోయింది. లోపలి పని పట్నం నుంచి వచ్చే మెకానిక్‌దట. ఒక హాస్టల్లో కంప్యూటర్ గది తలుపు మీద "తాకరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉండగా చూశాము. ఆ మాట మన తాతముత్తాతలు బావి దగ్గర విన్నదే. కంప్యూటర్ దగ్గర కూడా మన పిల్లలు అదే చదువుకోవాలా?

పిల్లలు ముట్టుకుంటే చెడిపోతాయంటారు. నిజానికి ఈ పద్ధతిలో క్లయింట్‌లో చెడగొట్టడానికి డిస్కే లేదు. సెట్టింగులు ఎంత కెలికినా ఆపి మళ్లీ ఆన్ చేస్తే సిస్టమ్ మొదటికి వస్తుంది. అయితే సర్వర్ ఆగితే గదంతా ఆగుతుంది, ఈ ఇబ్బంది ఉన్నమాట వాస్తవమే. కాబట్టి దానికొక యూపీఎస్ తప్పనిసరి. ఉన్న కొద్ది డబ్బును సర్వర్ ర్యామ్‌కు, యూపీఎస్‌కు ఖర్చు పెట్టాలి తప్ప రంగురంగుల టేబుళ్లకు కాదన్నది మా అభిప్రాయం.

దాతలకు ఒక విన్నపం. డిస్క్ తీసుకోండి, ర్యామ్ మాత్రం ఉంచండి. వార్డెన్‌గారిని కోరేది ఒక్కటే. వార్షికోత్సవం అయిన తర్వాతి ఆదివారం టిఫిన్ వేళ దాటాక గది తాళం ఇప్పించండి. మేము స్క్రూడ్రైవర్లు, పెన్‌డ్రైవ్‌లు తెస్తాము. ముందుగా ఒక్కో మెషీన్‌లోని కార్డు నంబర్లు చూసి, చీటీ మీద రాసి దానికే అంటిద్దాం. చీటీలు, గమ్ము తమ్ముళ్లు సిద్ధం చేసుకుంటే చాలు.