లెక్క లోకమునది, పేరు బిడ్డది

బడులు తెరచిన కొలది దినములకే పిల్లల సంచిలో ఇంటికొక కాగితము వచ్చుచున్నది. బిడ్డ పేరు, పుట్టిన తేది, తల్లిదండ్రుల పేర్లు, కులము, ఆధార్ సంఖ్య, ఫోను సంఖ్య మున్నగునవి యందు నింపి, అడుగున సంతకము చేయవలెను. వంటయింటినుండి చేయి తుడుచుకొనుచు వచ్చి, చదువకయే సంతకము చేసి పంపు తల్లులు మనలో పెక్కుమంది కలరు. ఆ వివరము లెచ్చటికి పోవును? వానివలన ఎవరికి మేలు? వానిని కాపాడు భారమెవరిది? ఈ మాసము సోదరీమణులతో ఈ సంగతినే ముచ్చటింపదలచితిమి.

ముందుగా మేలును గూర్చి చెప్పుదుము. పద్దు వ్రాయని యింట నెలాఖరున సొమ్ము ఎట్లు ఖర్చయినదో తెలియనట్లే, లెక్కలేని దేశమున బిడ్డల చదువు ఎచ్చట చెడుచున్నదో తెలియదు. ఇందుకు మన తెలుగునాటనే చక్కని దృష్టాంతము కలదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు నడపు ‘యంగ్ లైవ్స్’ అను పరిశోధన 2002లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దాదాపు 3,000 మంది బిడ్డలతో ఆరంభమైనది. వారిలో వేయిమంది 1994-95లో పుట్టినవారు. రెండువేలమంది 2001-02లో పుట్టినవారు. కొన్నియేండ్లకొకమారు వారి యిండ్లకు పోయి, తిండి, ఆరోగ్యము, చదువు మొదలగువానిని విచారించి వ్రాసికొనిరి.

దానివలన తేలినదేమి? ఎనిమిదేండ్ల వయస్సున ప్రైవేటు బడికి పోవువారు మొదటి జట్టులో, అనగా 2002లో, నూటికి 24 మంది. రెండవ జట్టులో, అనగా 2009లో, 44 మంది. పల్లె బిడ్డలు కొంత ముందునకు వచ్చిరి. కాని ఆ బడులలో బాలికలు తక్కువగానే యుండిరి. బాలబాలికల నడుమ అంతరము తగ్గుటకు మారుగా పెరిగినది. కుమారునికి రుసుము కట్టి, కుమార్తెను రుసుము లేని బడికి పంపుచున్నానని ఏ తల్లియు తనంతట ఒప్పుకొనదు. ఆమెకే అది తోచకపోవచ్చును. వేలయిండ్ల లెక్క ఒకచోట కూడినప్పుడు గాని ఈ భేదము కంటబడలేదు. ఇట్టి లెక్కను తీయవద్దనుట మన ఆడబిడ్డలకే అన్యాయము.

ఇందొక విశేషము గమనింపదగినది. ఈ సంగతి లోకమునకు తెలిసినది గాని, ఆ బిడ్డలెవరో లోకమునకు తెలియదు. ప్రచురించిన గ్రంథములందు బిడ్డలకును వారి యూళ్లకును మారుపేర్లే యుండును. ఇతర పరిశోధకులకిచ్చు లెక్కలనుండి పేర్లు తొలగింపబడును. మంచి పరిశోధనకు ఇదియే పద్ధతి. పేరునకు బదులొక సంఖ్య వేసి, ఏ సంఖ్య ఏ బిడ్డదో తెలుపు పట్టికను వేరుగా, కొద్దిమందికి మాత్రమే అందునట్లు దాచుదురు. నగలపెట్టె ఒకచోటను, తాళపుచెవి వేరొకచోటను ఉంచు గృహిణికి ఇది క్రొత్తగా నేర్పవలసినది కాదు.

అయితే పేరు తీసివేసినంతమాత్రమున పని ముగియదు. ఒక పల్లెబడి ఏడవతరగతిలో వినికిడి లేని బాలిక ఒక్కతెయే యున్నదనుకొందము. ‘వినికిడి లేని బాలికలు: 1, గణితమున తప్పినవారు: 1’ అని పట్టిక ప్రకటించినచో, పేరు లేకున్నను ఊరంతయు ఆ బిడ్డనే తలచును. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, గత శతాబ్దపు చివరి దశకములో, ప్రభుత్వోద్యోగుల వైద్య వివరములను పేర్లు తీసి పరిశోధకులకిచ్చిరి. లతాన్యా స్వీనీ అను విద్యార్థిని 20 డాలర్లు పెట్టి ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేది, స్త్రీపురుష భేదము, తపాలా సంఖ్య అను మూడింటిని సరిచూచి, సాక్షాత్తు ఆ రాష్ట్ర గవర్నరు వైద్య వివరములనే వేరుచేసి చూపెను. కనుక పట్టికలో మరీ చిన్న అంకెలు చూపకుండుట, పుట్టిన తేదికి బదులు వయస్సును, ఊరికి బదులు జిల్లాను వేయుట మొదలగు జాగ్రత్తలు కూడ అవసరము.

ఇక మన దేశపు సంగతి. యూడైస్ ప్లస్ అను కేంద్రప్రభుత్వపు పద్దులో, పూర్వము బడికింతమంది యని మొత్తములే వ్రాసెడివారు. 2022-23 నుండి ఒక్కొక్క విద్యార్థి వివరమును విడివిడిగా చేర్చుచున్నారు. 2023-24లో ఇట్లు చేరినవారు దాదాపు 14.7 లక్షల బడులలో 24.8 కోట్ల బిడ్డలు. ఒకే బిడ్డను రెండు బడుల పట్టీలలో లెక్కించు పొరపాటు ఇందువలన తగ్గును. నడుమ చదువు మానినవారి జాడ తెలియును. ‘అపార్’ అను 12 అంకెల సంఖ్య కొఱకు తల్లిదండ్రుల సమ్మతిపత్రము అడుగుటయు 2023 నుండి సాగుచున్నది. ధాన్యము పెరిగినకొలది గాదెకు గట్టి తలుపు కావలెను గదా!

చట్టము మనకు కొంత అండగా నున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పుచెప్పినది. బడిలో చేరుటకు ఆధార్ తప్పనిసరి కాదనియు, అది లేదను కారణమున ఏ బిడ్డకును ప్రయోజనమును నిరాకరింపరాదనియు 2018 సెప్టెంబరులో చెప్పినది. 2023లో చేసిన వ్యక్తిగత వివరముల రక్షణచట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని విధించినది. పరిశోధనకును గణాంకములకును వెసులుబాటిచ్చుచు, ఆ వివరములతో ఫలానా వ్యక్తిని గూర్చి నిర్ణయము చేయరాదను కట్టడి పెట్టినది. మూలసూత్రమిదియే: పరిశోధన అందరిని గూర్చి తెలిసికొనుటకు గాని, ఒక బిడ్డకు ముద్రవేయుటకు కాదు.

అడిగినవారికి సమాధానము చెప్పనిచో మంచి పని కూడ నిలువదు. అమెరికాలో ఇన్‌బ్లూమ్ అను సంస్థ 10 కోట్ల డాలర్ల విరాళముతో 2013లో పలు రాష్ట్రముల విద్యార్థుల వివరములను ఒకచోట చేర్చబూనెను. ఇవి ఎవరి చేతికి పోవునని తల్లిదండ్రులు అడిగిరి. వారికి నమ్మకము కుదురలేదు. న్యూయార్కు శాసనసభ అడ్డుచట్టము చేసినది. 2014లో సంస్థయే మూతపడినది. కీడు తప్పినది గాని, దానివెంట రాదగిన మేలును పోయినది.

కాబట్టి సోదరీమణులు సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలు వేయవలెనని మా మనవి. అడుగుచున్నది బడియా, ప్రభుత్వమా, లేక బడిపేరు చెప్పి సరకు అమ్మజూచు వ్యాపారియా? ఏ పనికొఱకు? పేరును వివరమును వేరుచేసి ఉంచుదురా? ఎంతకాలము ఉంచుదురు, సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చునా? మర్యాదగా అడిగిన ప్రశ్నకు మంచి ఉపాధ్యాయుడు కోపింపడు. పరిశోధకులు వచ్చినచో బిడ్డ యిష్టమును గూడ అడుగుడు. చెప్పనొల్లని మాటను బలవంతముగా చెప్పింపకుడు.

ఇంటిలోని జాగ్రత్తయు మరువరాదు. తరగతి వాట్సాపు గుంపులో ఆధార్ నకలు పెట్టుట తగదు. అనివార్యమైనచో మొదటి ఎనిమిదంకెలు మరుగుపరచిన ఆధార్ పత్రము దొరకును. దానిని ఉపాధ్యాయునికి మాత్రమే పంపవలెను. ఉచిత పరీక్ష, ఉచిత బహుమానమని వీధిచివర పంచు కాగితములలో బిడ్డ పేరును ఫోను సంఖ్యయు వ్రాసి యిచ్చినచో, మరునాటినుండి శిక్షణాలయముల పిలుపులు మ్రోగుచునే యుండును. పొరుగింటి బిడ్డ మార్కులు మన ఫోనులో కనబడినప్పుడు వానిని ఇంకొకరికి పంపకుండుటయు ఈ ధర్మములోనిదే.

భయపడి వివరములీయక మానుటయు, తప్పుడు వివరములిచ్చుటయు మేము చెప్పుట లేదు. చదువుకొన్న తల్లులు తప్పుకొన్నచో లెక్క వంకరపోవును. ఆ వంకరవలన నష్టపడునది తనకేమి కావలెనో అడుగ నోరులేని పేదబిడ్డయే. నిజము వ్రాసి యీయుడు. ఇచ్చినదానిని కాపాడుమని నిలదీసి అడుగుడు. మన సంతకము బిడ్డ పక్షమున చేసినది. పెద్దయైన పిదప, ‘అమ్మా, నా సంగతులెవరికిచ్చితివి?’ అని ఆ బిడ్డ అడిగినచో తడుముకొనక చెప్పగలుగునట్లు నేడే చదివి సంతకము చేయుదము.