పైరంగును నమ్మకండి
బాదం, ఎండు ఖర్జూరం కూరి, కొత్తిమీర సాసుతో వడ్డించే చికెన్ బ్రెస్ట్ మంచిదేనా అని అడుగుతున్నారు. మంచిదే, చర్మం తీసి వండిన 100 గ్రాములలో దాదాపు 30 గ్రాముల మాంసకృత్తులుంటాయి. నా అభ్యంతరమల్లా ‘పైన ఎర్రబడింది, ఉడికినట్లే’ అనే ధీమాపైన. గుత్తివంకాయ నడుమ పచ్చిగా మిగిలితే రుచి చెడుతుంది, అంతే. ఇక్కడ పచ్చిమాంసపు రసం కూరిన ముద్దలోకి ఇంకుతుంది. వేడి అక్కడికి చేరేది చిట్టచివరకు. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ ఆ నడుమనే బతికిపోతాయి. ముద్ద మధ్యభాగం సైతం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరవలసిందే. జ్వరానికి థర్మామీటరు కొంటారు, వంటకు కొనరేమి? ఇక కుళాయి కింద మాంసం కడగటాన్ని శుభ్రత అనుకోకండి. ఆ తుంపరలు పక్కనున్న కొత్తిమీరపై పడతాయి. దానిని మీరు పచ్చిగానే సాసులో రుబ్బుతారు.