పెరటి తోట : చాటునకు వెదురు

సత్యనారాయణపురమునుండి యొక సోదరి యిట్లు వ్రాసినది. ప్రక్క స్థలమున మూడంతస్తుల మేడ లేచినదట. అప్పటినుండి పెరటిలో తల యారబెట్టుకొనుటకు గాని, తులసికోట చుట్టు తిరుగుటకు గాని సంకోచముగ నున్నదట. గోడకును నింటికిని నడుమ నాలుగడుగుల సందు మాత్రమే కలదు. అందులో ఎత్తుగను సన్నముగను పెరుగు వెదురేది యని యామె ప్రశ్న.

ఈ విషయమున నేను దెబ్బ తినియున్నదానను. ఎనిమిదేండ్ల క్రిందట ఇట్టి సందులోనే, కంటికి సొగసుగ నున్నదని, పచ్చచారల పసుపు వెదురును నాటితిమి. మూడవ వానకాలమునకే అది డాబాను మించెను. ఒక్కొక్క బొంగు నా మణికట్టుకంటె లావు! చాటు కావలసిన చోట బోసి బొంగులును, అక్కరలేని మింటియందు ఆకులును మిగిలినవి. ఒక గాలివానలో పొరుగింటిపై వ్రాలి నాలుగు పెంకులను పగులగొట్టినది. ఆ యిల్లాలు ఆరు నెలలు నాతో పలుకలేదు. తప్పు నాది గనుక నేనేమనగలను? మొదలు త్రవ్వుటకు ఇద్దరు కూలీలకు మూడు దినములు పట్టెను.

వెదురు వృక్షము కాదు. గడ్డిజాతి, వరికి చుట్టము. చెట్టువలె ఏటేట లావెక్కదు. పిలక ఎంత లావున నేలనుండి వెడలునో బొంగు అంతే లావు. కొన్ని నెలలలోనే పూర్తి యెత్తు సాధించును. కావున కుండీలోని నాజూకును చూచి మోసపోక, ముదిరిన పొదలో ఆ జాతి బొంగు ఎంత యగునో విచారింపవలెను.

వేరు నడకయు చూడవలసినదే. కొన్ని జాతుల దుంప నేలలో దూరదూరము ప్రాకును. కొన్నిటిది ఉన్నచోటనే గుబురు కట్టును. చైనా దేశపు ఫిల్లోస్టాకిస్ ప్రాకునట్టిది. మంచునకు తాళునని చలిదేశములలో దానిని నాటుదురు. అది పొరుగునేలలోనికి ప్రాకినచో నాటినవారే నష్టమునకు బాధ్యులని అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున 2013లో చట్టమే చేసిరి. అమెరికాలో కాపురమున్న మన ఆడపడుచు లీ సంగతి గమనింతురు గాక. బెజవాడలో మనకు చలి భయము లేదు. ఎండయు, గాలియు, నీరునే చూచుకొనవలెను.

ఆ సోదరికి నేను చెప్పునది బాంబూసా మల్టీప్లెక్స్ అను కంచె వెదురు. గుబురు జాతి, బొంగులు వ్రేలి లావు, పది పదునైదడుగుల యెత్తు, మొదటినుండి ఆకు. ముండ్ల వెదురు పిల్లలు తిరుగు పెరటికి తగదు. కడియము తోటలవైపు పోవువారుండిన విచారింపుడు. గోడకు అడుగున్నర యెడముగ, మూడడుగులకొక మొక్క చాలును.

మన నల్లరేగడి వేసవిలో బీటలు వారును, వానలలో నీరు నిలుపును. వెదురునకు రెండును గిట్టవు. జానెడు యెత్తున కట్ట పోసి, ఇసుకయు చివికిన పశువుల యెరువును కలిపి నాటవలెను. కాలువలు కట్టివేయు వేసవి దినములలో, తొలి రెండేండ్లు దినము విడిచి దినము నీరు పోయవలెను. మచిలీపట్నము వైపు ఉప్పునీటి నేలలలో దీనికంటె సరుగుడు మేలు.

మూడేండ్లు నిండిన బొంగులను శీతకాలమున మొదలంట కోసిన పొద సన్నముగ నిలుచును. కోసినవి చిక్కుడు పందిరికి పనికివచ్చును. పిలకలు వెడలు వానకాలమున కత్తి పెట్టరాదు.

గాలికి మ్రోగు వెదురును కీచకమందురు. ద్రౌపదిపై కన్నువేసినవాని పేరే, పరుల కన్నులనుండి మనలను దాచు మొక్కకును ఉండుట నాకు నవ్వు తెప్పించును.

ఆషాఢమున తొలి వానలు పడినపిమ్మట నాటుడు. పొద అల్లుకొనుటకు రెండేండ్లైన పట్టును. అందాక తాటాకు దడి కట్టించుకొనుడు.