పెరటి తోటను గీసిందెవరు?

"పెరటిచెట్టు మందుకు పనికిరాదు" అన్న సామెత పుట్టించినవాడెవడో గాని, సముద్రపు టొడ్డున కాపరం చేసినవాడు మాత్రం కాడు. ఇసుకనేలలో, ఉప్పుగాలిలో ఒక్క కరేపాకు మొక్కను సాకి మానును చేసిన ఇల్లాలిని అడగండి, పెరటిచెట్టు విలువెంతో చెబుతుంది.

మన కావ్యాలలో తోటలంటే చాలామట్టుకు రాజులవే. కొలనులు, లతాగృహాలు, నెమళ్ళు - తరగతిలో ఆ వర్ణనలు చెప్పీ చెప్పీ నాకు ఆ తోటల దారులన్నీ కంఠస్థమైపోయినవి. కాని మనసుకు దగ్గరగా తోచేది కృష్ణదేవరాయలు "ఆముక్తమాల్యద"లో చూపించిన విష్ణుచిత్తుడి తోట. అది గృహస్థు తోట. స్వామికి మాలలు కట్టడానికి పెంచుకున్నది. గోదాదేవి పసిపాపగా దొరికిందీ అక్కడే. మా పెరడూ ఆ జాతిదే. అక్కర కోసం పుట్టింది, అందం తర్వాత వచ్చింది.

మాది నెల్లూరు జిల్లా మైపాడు వైపు పల్లె. మా అవ్వ కాపరానికి వచ్చేనాటికి ఇంటి వెనుక ఒక దొరువు, నాలుగు తాటిచెట్లు తప్ప మరేమీ లేవట. దొరువంటే మెట్టప్రాంతపు పాఠకులకు తెలియకపోవచ్చు. ఇసుకలో ఏటవాలుగా తవ్విన లోతు తక్కువ గుంట అది. మనిషి దిగి కుండ ముంచుకుని, ఎక్కి వచ్చి మొక్కకు పోస్తాడు. నెల్లూరు నుంచి బాపట్ల దాకా తీరమంతా ఈ పద్ధతి ఉండేది.

సముద్రం పక్కన తియ్యని నీళ్ళెలా ఉంటాయని మీరడగవచ్చు. ఇసుకలో ఇంకిన వాననీరు, తనకంటె బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, మజ్జిగ మీద వెన్నలాగ. గైబెన్, హెర్ట్స్‌బెర్గ్ అనే ఇద్దరు ఐరోపా శాస్త్రజ్ఞులు దీనికి లెక్క కట్టారు. మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక్క అడుగు ఎత్తున ఉంటే, సముద్రమట్టం కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగానే ఉన్నది గాని, ఇందులో మెలిక ఒకటున్నది. పైమట్టం ఒక్క అడుగు తగ్గితే, కిందినుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి వస్తుంది! కుండతో ముంచుకునే కాలంలో ఆ భయం లేదు.

ఇక తోట తీరు చెబుతాను. అవ్వ కాగితం మీద పటం గీయలేదు, నీళ్ళే గీసినవి. స్నానాల జలదారి నుంచి పారే నీళ్ళకు అరటి, చేమ. అంట్లు తోమేచోట టెంకాయ చెట్టు. బియ్యం కడిగిన నీళ్ళు మల్లెపందిరికి, పులిసిన మజ్జిగ కరేపాకుకు. దొరువు గట్టున వంగ, మిరప, గోంగూర, ఎందుకంటే కుండ మోసే దూరం తక్కువ. సముద్రపు గాలి వచ్చే తూర్పున గన్నేరు, గోరింట దట్టంగా కంచె. దాని వెనుక సర్వి చెట్లు. మునగను మాత్రం ఇంటికి దూరంగా ఉంచింది. దాని కొమ్మ పెళుసు.

ఈ మొక్కలన్నీ మనవేనా అంటే కాదు. మా వైపు కొందరు బొప్పాయిని పరంగి అంటారు. పరంగి అంటే పరదేశి. మిరప, జామ, జీడిమామిడి కూడా అమెరికా ఖండంనుంచి వచ్చినవే. 1498లో పోర్చుగీసువారు మన దేశానికి ఓడదారి కనిపెట్టిన తర్వాతే ఇక్కడ దిగినవి. అంటే 13వ శతాబ్దంలో నెల్లూరిలో ఉండి భారతం తెనిగించిన తిక్కన సోమయాజి పచ్చిమిరపకాయ రుచి ఎరగడన్నమాట! ఆయన నాలుకకు కారమంటే మిరియమే. సర్వి కూడా తూర్పు సముద్రాలు దాటి వచ్చిన చుట్టమే.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను మా తోటకు పరీక్ష పెట్టింది. నేనప్పటికి పసివాణ్ణి, పెద్దలు చెప్పగా విన్నదే. మునగ, అరటి నేలమట్టం. టెంకాయ చెట్లు రెండు కూలినవి. తాళ్ళు నాలుగూ నిలిచినవి. కంచె చాటున మల్లెపాదు మళ్ళీ చిగిర్చింది.

తుఫాను చెయ్యలేని పని తర్వాత నెమ్మదిగా జరిగింది. 1990 ప్రాంతాల నుంచి తీరమంతా రొయ్యల చెరువులు వచ్చినవి. ఇంటింటా మోటార్లు వచ్చినవి. 1996లో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పులో, తాగేనీళ్ళు ఉప్పనైపోతున్న సంగతీ చర్చకు వచ్చింది. మా ఊళ్ళో దొరువులు ఒక్కొక్కటే పూడ్చారు.

నిరుడు మా తమ్ముడు, "అన్నా, పెరడంతా సిమెంటు చేయిద్దాం. కారు పెట్టుకోవచ్చు, కసువు ఊడ్చే బాధా తప్పుతుంది" అన్నాడు. వాడి మాటలో అన్యాయం లేదు. ఆ ఇంట్లో ఉండేది వాడు. పట్నంలో కూర్చుని పెరడు మీద మమకారం ఒలకబోసేది నేను. అందుకని నేను గట్టిగా ఏమీ అనలేకపోయాను. తేల్చింది మా మరదలు. "బావగారూ, మోటారు గంట వేస్తే నీళ్ళు ఉప్పనవుతాయి, పావుగంట వేస్తే కావు. నేను రోజూ చూస్తూనే ఉన్నా. నేలంతా మూసేస్తే ఆ పావుగంట నీళ్ళయినా ఎక్కణ్ణించి వస్తాయి?" అన్నది. నలభై అడుగుల లెక్క ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చివరికి కారు పట్టేంత మేర సిమెంటు చేశారు. డాబా మీది వాననీరు గొట్టంద్వారా దొరువులోకి మళ్ళించారు. మోటారు పొద్దున పావుగంటే. బాపట్ల ఉప్పునీటి పరిశోధనా కేంద్రం వారు రైతులకు నేర్పినదీ ఇటువంటిదే: ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైపొర మంచినీటిని మాత్రం మీగడ తీసినట్టు తీసుకోవడం.

ఈ ఏడు మల్లె పూసింది. నిమ్మ మాత్రం దక్కలేదు. నేల కింది నీటికి ప్రహరీగోడలుండవు. పక్కింటివారు తోడేస్తే మా దొరువూ ఉప్పనవుతుంది. అందుకే మా మరదలు ఇప్పుడు పక్కింటావిడతో మాట్లాడుతున్నది, వాళ్ళ డాబానీళ్ళు కూడా నేలలోకి వదలమని. ఆవిడ ఇంకా సరేననలేదు. వానకాలం లోపల అంటుందని మా ఆశ.