బొటనవ్రేలి సాక్ష్యం

ఏబదులు దాటిన మా తరంవారికి తంతి భాష బాగా పరిచితం. మాటకింత అని పైకం చెల్లించవలసి ఉండడంతో పలకరింపులు, విశేషణాలు కోసివేసి కబురు పంపేవాళ్ళం. ఆ పొదుపును అమర్యాద అని ఎవరూ అనుకోలేదు. 2013 జూలైలో తంతి మూతపడింది గాని మా చేతి అలవాటు పోలేదు. వాట్సాప్‌లోనూ ‘సరే’ అని వ్రాసి చుక్క పెడతాం. లేదా బొటనవ్రేలి బొమ్మ పంపుతాం. అందింది, చూచాను అని మా భావం. ఇరవై ఏండ్ల యువకుడికి ఆ చుక్కలో కోపం, ఆ వ్రేలిలో ఎత్తిపొడుపు కనిపిస్తాయి. (ఈ హిందీ సీమలో బొటనవ్రేలు చూపడమంటే పూర్వం నుంచీ వెక్కిరింతే.) జోడించిన చేతులు మాకు నమస్కారం, వారికి ‘నీకో దండం, ఇక వదిలిపెట్టు’. నిజానికి తెలుగువారి దండానికి ఈ రెండర్థాలూ పాతవే. ఎదుటి ముఖం చూస్తే ఏ దండమో తెలిసిపోయేది.

ఇది ఇంటి రగడతో ఆగితే నవ్వి ఊరుకోవచ్చు. రైల్వే రక్షణ దళంలో ఒక కానిస్టేబుల్ ఉద్యోగమే పోయింది. పై అధికారి హత్యకు గురైన వార్త వాట్సాప్ బృందంలో వస్తే అతడు బొటనవ్రేలి బొమ్మ పెట్టాడు. హత్యకు సంతోషించాడని శాఖ నిర్ణయించి బర్తరఫ్ చేసింది. అది ‘చూచాను’ అనడానికి గుర్తు కావచ్చునే గాని హత్యను హర్షించినట్టు కాదని మద్రాసు హైకోర్టు ధర్మాసనం 2024లో తేల్చింది. హైకోర్టు దాకా వెళ్ళే ఓపిక, స్తోమతు లేని చిరుద్యోగి గతేమిటి?

1872 నాటి సాక్ష్య చట్టం స్థానే వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్నది. 2023 డిసెంబరులో పార్లమెంటు దానిని ఆమోదించిన సమావేశాలలోనే ఉభయ సభలలో 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండయ్యారు. చర్చ ఏపాటిదో పాఠకులు ఊహించుకోవచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం ఎలా జతపరచాలో అందులో వివరంగా ఉన్నది. సందేశానికి అర్థం ఎవరి వాడుకను బట్టి చెప్పాలో లేదు. ఉండాలని నేను అనను. శాసనం నిఘంటువు కాజాలదు. అయితే శాఖాపరమైన విచారణలను సాక్ష్య చట్టం కచ్చితంగా కట్టడి చేయదు. అక్కడ అధికారికి తోచిందే అర్థం, ఆ అర్థమే తీర్పు. చిరుద్యోగి మెడపై కత్తి వ్రేలాడేది అక్కడే.

అభియోగపత్రం వ్రాయకముందు, ఆ ఉద్యోగి గడచిన ఆరు నెలలుగా సెలవు ప్రకటనకూ, డ్యూటీ ఉత్తర్వుకూ, మరణవార్తకూ ఏ బొమ్మ పంపుతూ వచ్చాడో తెప్పించి చూడాలని విచారణాధికారులను ఆదేశించవచ్చు. అందుకు కొత్త శాసనం అక్కరలేదు. మంత్రిత్వ శాఖ నుంచి ఒక్క సర్క్యులర్ చాలు.