ఇల్లు సొంతం... అద్దె తప్పదు!

ఇంగ్లండులో అప్పుచేసి ఫ్లాటు కొన్నా నేల చాలావరకు మరొకరిదే. చేతికొచ్చేది ఏ 99 ఏళ్లకో, 125 ఏళ్లకో లీజు. అందుకే నేల యజమానికి ఏటా 'గ్రౌండ్ రెంట్' కట్టాలి. మెట్లు ఊడ్చినందుకూ పైకప్పు బాగుచేసినందుకూ సర్వీసు ఛార్జీ వేరే. కుక్కను పెంచుకోవాలన్నా, ఇల్లు అద్దెకివ్వాలన్నా చాలా లీజుల్లో అనుమతి తప్పనిసరి, దానికీ ఫీజు! కొన్నిచోట్ల గ్రౌండ్ రెంట్ పదేళ్లకోసారి రెట్టింపవుతుంది. 250 పౌండ్లతో మొదలైతే యాభయ్యేళ్లకు 8,000. అలాంటి ఇంటిమీద అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. అప్పు పుట్టకపోతే కొనేదెవరు? అమ్ముకునే దారిలేక ఇరుక్కుపోయినవాళ్లు ఎందరో. చివరికి 2022లో చట్టం వచ్చింది. ఆ ఏడాది జూన్ 30 నుంచి రాసే కొత్త ఇళ్ల లీజుల్లో చాలావాటికి గ్రౌండ్ రెంట్ ఏడాదికి ఒక్క మిరియపు గింజకు మించకూడదు. నవ్వులాట కాదు, చట్టంలో ఉన్న మాటే అది. అంతకుముందు లీజు రాసుకున్నవాళ్లకు మాత్రం ఆ చట్టం మిరియంతో సరిపెట్టే వీలివ్వలేదు, పౌండ్లే కట్టమంది.